పురుగుకు ఆకు... ఇంటికి పండు

అమెరికాలో పిల్లల పెరట్లో రాస్ప్‌బెర్రీ తిని వచ్చినవాళ్లు అలాంటి మొక్క ఒకటి అనంతపురంలోనూ ఉంటే బాగుండు అనుకుంటారు. అది ఇక్కడ బతకదు. కానీ ఏడాదిలో రెండు మూడు కాపులిచ్చే బెర్రీ ఈ కరవు నేలలోనే ఉంది. హిందూపురం చుట్టుపక్కల పట్టుపురుగుల మేత కోసం తోటలకు తోటలు పెంచుతున్న మల్బరీయే అది. పెరట్లో ఒక్క చెట్టు, చేతిలో ఒక కత్తెర ఉంటే చాలు.

“మా, చూడు... మళ్లా కాసినాయి!”

న్యూజెర్సీ నుంచి కూతురు ఫోను తిప్పి గిన్నె చూపిస్తుంది. గిన్నెలో ఎర్రటి రాస్ప్‌బెర్రీలు. ధర్మవరంలో తల్లికి నమ్మకం కుదరదు. “ఎండాకాలం కోసింటిరి గదమ్మా, మళ్లా యెట్ల కాసినాయి?”

“ఇది రెండు కాపుల రకం మా. మంచు పడేదాకా కాస్తానే ఉంటాది.”

సీమలో పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లలో ఇలాంటి మాటలు మామూలే. ఆరు నెలలు అక్కడుండి వచ్చిన పెద్దవాళ్లు ఆ రుచిని నాలుక మీద పెట్టుకుని వస్తారు. నర్సరీలో అడుగుతారు, లేదంటే ఆన్‌లైన్‌లో తెప్పిస్తారు. కార్తీకంలో వచ్చిన మొక్క సంక్రాంతికి రెండు చిగుళ్లు వేస్తుంది. ఉగాది దాటాక ఆకు అంచులు మాడతాయి. రోహిణీ కార్తె వచ్చేసరికి కుండీలో ఎండుపుల్ల మిగులుతుంది. నీళ్లు చాల్లేదేమో, ఎరువు తప్పిందేమో అని ఇంటివాళ్లు బాధపడతారు. తప్పు వాళ్లది కాదు. ఆ మొక్క అడిగేది మన దగ్గర లేదు.

చలి అడిగే మొక్క

రాస్ప్‌బెర్రీది గులాబీ కుటుంబం. వేరు ఏళ్ల తరబడి బతుకుతుంది గానీ, దాని నుంచి పైకి లేచే కాడ ఆయుష్షు రెండేళ్లే. మామూలు రకాల్లో కాడ మొదటి ఏడు ఎదుగుతుంది, చలికాలమంతా నిద్రపోతుంది, రెండో ఏడు వేసవిలో కాసి ఎండిపోతుంది. రెండు కాపుల రకాలు అంతకాలం ఆగవు. అదే ఏడు మొలిచిన కాడ కొసన ఆకురాలు కాలానికల్లా కాయలు కాస్తాయి. ఆ కాడనే కొట్టేయకుండా ఉంచితే కింది భాగం మరుసటి వేసవిలో మరో కాపు ఇస్తుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని జెనీవా వ్యవసాయ పరిశోధన కేంద్రం 1969లో విడుదల చేసిన ‘హెరిటేజ్’ ఇలాంటి రకాల్లో బాగా పేరుపడింది. అమెరికా పెరళ్లలో ఇప్పటికీ అది కనిపిస్తుంది.

వేసవిలో కాసే రకాలు సరిగా కాయాలంటే చలికాలంలో 7 డిగ్రీల కంటే తక్కువ చలి కొన్ని వందల గంటలు తగలాలి. చాలా రకాలు 800 గంటలకు పైనే కోరుకుంటాయి. రెండు కాపుల రకాలకు అంత చలి అక్కర్లేదు గానీ, పూతకు, పిందెకు చల్లటి పగళ్లు కావాలి. అనంతపురంలో సంక్రాంతి రాత్రుల్లో కూడా పాదరసం మామూలుగా 15 డిగ్రీల దరిదాపుల్లోనే ఆగుతుంది. మేలో 40 దాటడం ఇక్కడ వార్తే కాదు. పైగా రాస్ప్‌బెర్రీ వేళ్లు పైపైనే పాకుతాయి. ఎర్ర గరుప నేల పైపొర మధ్యాహ్నానికి కాలిపోతుంటే ఆ వేళ్లు నిలవలేవు.

మన దేశంలో అది లేదని కాదు. సుమారు 1,350 మీటర్ల ఎత్తున్న మహాబలేశ్వరంలో స్ట్రాబెర్రీలతో పాటు రాస్ప్‌బెర్రీలు, మల్బరీలు కూడా చిన్న పెట్టెల్లో పెట్టి అమ్ముతారు. మన లంబసింగి చలిలో స్ట్రాబెర్రీ కాస్తోంది. అక్కడి చలి, అక్కడి తేమ ఇక్కడికి రావు. దక్షిణాది కొండల్లో పెరిగే ‘మైసూరు రాస్ప్‌బెర్రీ’ అనే ముళ్లపొద ఒకటుంది. చలి లేకుండానే నల్లటి పండ్లు కాస్తుంది. అమెరికాలోని ఫ్లోరిడా వాళ్లు దాన్ని ఇష్టంగా పెంచుకుంటారు. అయితే దానికీ తేమ కావాలి. తడి దొరికిన చోట దాన్ని అదుపు చేయడం కూడా కష్టమే. పసిఫిక్ మహాసముద్రంలోని గలాపగోస్ దీవుల్లో అది అడవుల్ని కమ్మేసి అక్కడి అధికారులకు పెద్ద తలనొప్పిగా మారింది.

కాబట్టి అనంతపురం పెరటికి రాస్ప్‌బెర్రీ గురించి వెతకడం మానేయొచ్చు. దానికి దీటైనది మన దగ్గరే ఉంది.

గట్టున రాలిపోయే పండు

హిందూపురం, మడకశిర, పెనుకొండ, ధర్మవరం, కదిరి... ఇవన్నీ మల్బరీ తోటలున్న ఊళ్లు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఈ ఊళ్లన్నీ శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి గానీ, నేల మాత్రం అదే అనంతపురం పీఠభూమి. మైసూరు రాజ్యంలో పట్టు పరిశ్రమకు ఊపిరి పోసింది టిప్పు సుల్తాన్. ఆ గాలి సరిహద్దు దాటి ఈ తాలూకాలకు తగిలింది. ఇప్పుడు హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్ ఉంది. పక్కనే కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన, అభివృద్ధి సంస్థ ఉంది. బోరు కింద ఎకరా రెండెకరాలున్న రైతుకు నెలనెలా చేతికి డబ్బు తెచ్చే పంటల్లో మల్బరీ ఒకటి.

ఆ తోటల్లో పండుకు విలువ లేదు. పట్టుపురుగు తినేది ఆకు. పురుగులు చిన్నగా ఉండే చాకీ దశలో లేత ఆకు, పెద్ద పురుగులకు కొమ్మలకు కొమ్మలే వేస్తారు. రైతు చూపంతా ఆకు మందం మీద, పచ్చదనం మీదే. మైసూరులోని కేంద్ర పట్టు పరిశోధన సంస్థ 1997లో విడుదల చేసిన వి-1 రకం ఈ ప్రాంతంలో విస్తరించింది కూడా పెద్ద ఆకు, ఎక్కువ దిగుబడి చూసే. కొమ్మ మొదట్లో పట్టిన పండ్లు బడి నుంచి వచ్చే పిల్లలకు, గోరింకలకు వదిలేసినవే. ఈ పల్లెల్లో పెరిగినవాళ్లను అడగండి, తెల్ల చొక్కా మీద మల్బరీ మరక చేయించుకుని ఇంట్లో దెబ్బలు తిన్న కథ ఒకటి బయటికొస్తుంది.

పండును దగ్గరగా చూడండి. రాస్ప్‌బెర్రీ, మల్బరీ రెండూ చిన్న చిన్న గింజ ముత్యాలు గుది గుచ్చినట్టే ఉంటాయి. కోసేటప్పుడు తేడా తెలుస్తుంది. రాస్ప్‌బెర్రీని లాగితే తెల్లటి బొడిపె కొమ్మకే ఉండిపోయి, పండు లోపల డొల్లగా చేతికొస్తుంది. మల్బరీ తన పచ్చ కాడతో సహా ఊడి వస్తుంది, లోపల డొల్ల ఉండదు. రాస్ప్‌బెర్రీ ఒకే పువ్వు నుంచి తయారవుతుంది. మల్బరీలోని ప్రతి ముత్యమూ ఒక్కో పువ్వు. చుట్టరికంలో ఇది మర్రికి, రావికి, అత్తికి, పనసకు దగ్గర. ఆ ఇంటివాటిలాగే ఇదీ ఎండను తట్టుకుంటుంది.

రుచిలో తేడా ఉంది, దాచడం ఎందుకు. రాస్ప్‌బెర్రీలో పులుపు ముందుంటుంది, వాసన గుప్పుమంటుంది. మల్బరీలో తీపి ముందు. ఎర్రగా ఉన్నప్పుడు కోస్తే పులుపు, పూర్తిగా నల్లబడ్డాక కోస్తే తేనె. పులుపు కోరేవాళ్లు ఒక పూట ముందు కోసుకోవాలి, అంతే.

కత్తెరలోనే కాపు

మల్బరీని ఏడాది పొడవునా కాయించే కిటుకు రకం పేరులో కంటే దాన్ని కత్తిరించే తీరులో ఎక్కువుంది. చల్లటి దేశాల్లో మల్బరీ చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోతుంది, వసంతంలో లేచి ఒక్కసారి కాస్తుంది. మన దగ్గర దానికి నిద్రపుచ్చే చలి లేదు. కాబట్టి చెట్టును ఎప్పుడు చిగురింపజేయాలన్నది మన చేతిలో ఉన్న పని.

మల్బరీ పూత కొత్త చిగురు మీదే వస్తుంది. ముదురు కొమ్మను కత్తిరించినా, దాని ఆకంతా దూసేసినా, పది పదిహేను రోజుల్లో ఆకు కాడల మొదళ్లలోని కన్నులు విచ్చుకుంటాయి. ప్రతి కన్ను నుంచి చిగురు సాగుతుంది. ఆ చిగురు మొదటి రెండు మూడు ఆకుల పక్కనే, వడ్లగింజ కంటే కాస్త పెద్దగా, పచ్చటి గొంగళిపురుగును తలపిస్తూ పూత కంకి తొంగి చూస్తుంది. దాని మీద దూదిపోగుల్లాంటి తెల్లటి నూగు కనిపిస్తే అవి ఆడపూలు. నూగు వాడిపోయాక ముత్యాలు ఉబ్బుతాయి. పచ్చ, తెలుపు, గులాబీ, ఎరుపు, నలుపు. కొమ్మ కత్తిరించిన దగ్గర్నుంచి పండు నల్లబడే దాకా వాతావరణాన్ని బట్టి సుమారు ఆరు నుంచి ఎనిమిది వారాలు. పట్టు రైతు రెండు రెండున్నర నెలలకోసారి తోట కోసేది ఆకు కోసమే గానీ, ఆ కోతే పూతనూ రప్పిస్తుంది.

పెరటి చెట్టుకు పని ఇలా ఉంటుంది. పోయిన కాపు కాసిన కొమ్మల్ని మూడో వంతు దాకా తగ్గించాలి. ఎండినవి, ఒకదానికొకటి రాసుకునేవి, లోపలికి తిరిగినవి మొదలంటా తీసేయాలి. మిగిలిన కొమ్మల ఆకును పైనుంచి కిందికి వేళ్లతో దూసేయాలి. తర్వాత పాదు తవ్వి బొచ్చెడు పశువుల ఎరువు వేసి నిండా నీళ్లు పెట్టాలి. ఆకు దూసిన చెట్టు చూడ్డానికి బోసిగా ఉంటుంది. ఇంట్లోవాళ్లు “చెట్టును సంపేస్తివి గదప్పా!” అన్నా కంగారు పడొద్దు. రెండు వారాలాగితే కొమ్మలే జవాబు చెబుతాయి.

చెట్టంతా ఒకేసారి కత్తిరిస్తే ఒకేసారి విరగకాస్తుంది, పక్షులకు పండగ. ఇంట్లో రోజూ గుప్పెడు పండ్లు చాలు అనుకునేవాళ్లు చెట్టును మూడు భాగాలుగా అనుకుని, ఏప్రిల్, మే తప్ప నెలకో భాగం కత్తిరించాలి. ఒక వైపు పండు కోస్తుంటే ఇంకో వైపు పిందె, మూడో వైపు చిగురు. నర్సరీలు ‘ఎవర్‌బేరింగ్’ (ఎప్పుడూ కాసేది) అని అమ్మే గుణాన్ని ఇలా మన చేత్తో తెచ్చుకోవచ్చు.

ఏ నెలలో ఏం చేయాలి?

జనవరి చివర: ఏడాదిలో పెద్ద కత్తిరింపు ఇదే. ఫిబ్రవరిలో చిగురు, మార్చి నెల నడిమి నుంచి పండు. ఎండ ముదిరే కొద్దీ తీపి పెరుగుతుంది. నాణ్యతలో ఈ కాపును మించింది లేదు.

ఏప్రిల్, మే: కత్తెర పక్కన పెట్టండి. ఆకు లేని కొమ్మ మీద నేరుగా ఎండ పడితే బెరడు పగులుతుంది. కుండీలను గోడ నీడకు జరపండి.

జూన్ నడుమ: తొలకరి పడ్డాక తేలికగా కత్తిరించండి. ఆగస్టులో పండు. ఆషాఢం గాలికి లేత కొమ్మలు విరగకుండా వెదురు కర్రకు కట్టాలి. వాన తగిలిన పండు చప్పబడుతుంది కాబట్టి మబ్బు కమ్మితే నల్లబడినవన్నీ ముందే కోసేయాలి.

అక్టోబరు చివర: వానలు తగ్గుముఖం పట్టాక మూడో కత్తిరింపు. డిసెంబరులో పండు. చలికి నిదానంగా పండుతుంది, పులుపు తీపి సమంగా ఉంటాయి.

కొమ్మ ఎక్కడ తేవాలి?

మల్బరీలో చాలా చెట్లు ఆడవో మగవో విడివిడిగా ఉంటాయి. మగచెట్టు జన్మంతా పెంచినా పండు ఇవ్వదు. ఎవరో ఇచ్చారని మొక్క తెచ్చుకుని నాలుగేళ్లు ఎదురుచూసినవాళ్లు ఊరికొకరు దొరుకుతారు. పండు ఉండగా చెట్టును కళ్లారా చూసి, దాని కొమ్మే తెచ్చుకోవాలి. ఆకు కోసం వేసిన తోటల్లో కూడా బాగా కాసే మొక్కలు అక్కడక్కడా కనిపిస్తాయి. కత్తిరింపు రోజున రైతు కొమ్మల్ని గట్టున పడేస్తాడు. అడిగితే కాదనే రైతు ఉండడు. వేలెడు పొడవు పండ్లు కాసే పొడుగు రకాన్ని నర్సరీల్లో అమ్ముతున్నారు. తీపిలో దానికి పేరుంది.

ఆరు నుంచి ఎనిమిది నెలల వయసు, పెన్సిల్ మందం ఉన్న కొమ్మను ఒక్కోదానికి మూడు నాలుగు కన్నులు ఉండేలా జానెడు ముక్కలుగా కోయాలి. చీలకుండా పదునైన కత్తితో ఒకే వేటు. కన్నులు పైకి ఉండేలా, ఒక్క కన్నే బయట కనిపించేలా కాస్త ఏటవాలుగా గుచ్చాలి. మట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు చాలు. రెండు వారాల్లో కన్ను పగులుతుంది. తొందరపడి పీకి చూడొద్దు, ఆకు వచ్చినంత మాత్రాన వేరు వచ్చినట్టు కాదు. మూడు నాలుగు నెలలాగి పెద్ద పాదులోకో కుండీలోకో మార్చాలి. కొమ్మ నుంచి పెంచిన మొక్క మరుసటి ఏడే పండు చూపిస్తుంది.

నేలలో నాటితే రెండడుగుల గుంత, గోడకు కనీసం పదడుగుల ఎడం. వేళ్లు బలంగా పోతాయి కాబట్టి నీళ్ల తొట్టి, డ్రైనేజీ పైపుల పక్కన వద్దు. వాకిలి గచ్చు, కారు నిలిపే చోటు కూడా వద్దు, రాలిన పండు మరక వదలదు. మిద్దె మీదైతే వంద లీటర్ల డ్రమ్మును అడ్డంగా కోసిన సగం సరిపోతుంది. అడుగున చిల్లులు మరవొద్దు. చెట్టును మనిషి ఎత్తు దాటనివ్వకూడదు. చేతికందని పండు పిట్టదే.

నీళ్ల లెక్క

అనంతపురంలో చెట్టు మాట ఎత్తగానే వచ్చే మొదటి ప్రశ్న, నీళ్లేవి అని. పడమటి కనుమలు నైరుతి మబ్బుల్ని అవతలే దించుకుంటాయి. ఈశాన్య మబ్బులు కోస్తా దాటి ఇక్కడికొచ్చేసరికి నీరసపడతాయి. రెండింటి మధ్య ఉమ్మడి జిల్లాకు దక్కే సగటు వర్షం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటని పాఠ్యపుస్తకాల దగ్గర్నుంచి ప్రభుత్వ నివేదికల దాకా చెబుతూనే ఉన్నాయి.

ఆ లెక్కనే ఇంకోలా వేద్దాం. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద 550 మిల్లీమీటర్ల వాన పడితే అది సుమారు 51 వేల లీటర్లు. ఆవిరి, ఒలకబోత పోగా ఐదింట నాలుగు వంతులు పట్టుకున్నా 40 వేల లీటర్లు. వేరు పట్టిన మల్బరీ చెట్టుకు వారానికి 40 లీటర్లు పోసినా ఏడాదికి 2,080 లీటర్లే. కరవు జిల్లాలో కూడా ఒక ఇంటి మిద్దె మీద పడే వాన పెరటి చెట్టుకు పది రెట్లకు పైగా సరిపోతుంది. కొరత మబ్బులో కంటే ఆ నీటిని నిలబెట్టుకోవడంలోనే ఎక్కువ.

ఇంకుడు గుంత, తొట్టి కట్టించలేని ఇంట్లో స్నానాల నీళ్లు ఉన్నాయి. సబ్బు నురగ ఎక్కువ లేని నీళ్లను పాదులోకి మళ్లించవచ్చు. అంతకంటే చవక పద్ధతి మట్టికుండ. మెరుగు పూయని కుండను పాదు పక్కన మెడ దాకా పాతిపెట్టి, నింపి, మూత పెడితే నీళ్లు కుండ గోడ గుండా చెమర్చి వేళ్లకు అందుతాయి. మూడు నాలుగు రోజులకోసారి నింపితే చాలు. వారం పాటు ఊరెళ్లేటప్పుడు రెండు కుండలు పాతుకోవడం మేలు.

పాదు మీద కప్పడానికి ఈ జిల్లాలో శెనక్కాయ పొట్టును మించింది లేదు. నూనె మిల్లుల దగ్గర బస్తాలకు బస్తాలు దొరుకుతుంది. మూడు నాలుగు అంగుళాల మందాన పరిస్తే మధ్యాహ్నపు ఎండలో కూడా కింది మట్టి చల్లగా ఉంటుంది. చెదలు పట్టకుండా రెండు గుప్పిళ్ల వేపపిండి కలపాలి. కాండానికి ఆనించకుండా జానెడు ఎడం వదలాలి.

బోరు నీళ్లు ఉప్పగా ఉన్న చోట కుండీ మట్టి పైన తెల్లటి పొర పేరుకుంటుంది, ఆకు అంచులు గోధుమ రంగుకు తిరుగుతాయి. దాన్ని తెగులనుకుని మందు కొట్టొద్దు. మొదటి పెద్ద వానలో కుండీని ఆరుబయట ఉంచి అడుగు చిల్లుల నుంచి నీళ్లు ధారగా పోయేదాకా తడవనిస్తే ఉప్పు కడుక్కుపోతుంది.

పిట్టలు, పిండినల్లి, పక్కింటి పురుగులు

మల్బరీకి ఈ ప్రాంతంలో ప్రధాన శత్రువు పిండినల్లి. చిగురు ముడుచుకుని, ఆకులు గుత్తిగా బిగుసుకుపోయి, కొస లావెక్కితే పట్టు రైతులు దాన్ని తుక్ర తెగులంటారు. విప్పి చూస్తే గులాబీ రంగు పురుగులు, తెల్లటి పిండి. పెరటి చెట్టుకు మందు అక్కర్లేదు. ఆ కొసల్ని తుంచి సంచిలో వేసి కాల్చేయాలి లేదా వేడినీళ్లలో ముంచాలి. మిగతా కొమ్మల మీద నీటి పైపుతో గట్టిగా కొడితే పిండినల్లి ఊడిపోతుంది. నల్లటి రెక్కలు, నారింజ తల ఉన్న చిన్న అక్షింతల పురుగు కనిపిస్తే దాన్ని ముట్టుకోవద్దు. దాని పిల్లలు ఒళ్లంతా తెల్లటి పిండితో పిండినల్లిలాగే కనిపిస్తాయి, తినేది మాత్రం పిండినల్లినే. పట్టు శాఖ వాటిని ప్రత్యేకంగా పెంచి తోటల్లో వదిలిస్తుంది. చలికాలంలో ఆకు అడుగున బూడిద తెగులు వస్తే గాలి ఆడేలా లోపలి కొమ్మలు తీసేయడమే సగం మందు.

హిందూపురం, మడకశిర వైపు ఉండేవాళ్లకు ఒక హెచ్చరిక. మీ పక్కన పట్టుపురుగుల షెడ్డు ఉందేమో చూసుకోండి. టమాటాకు కొట్టిన మందు గాలికి మల్బరీ ఆకు మీద పడినా పురుగులు ఒక్క పూటలో గిలగిలా కొట్టుకుని చస్తాయి. ఒక బ్యాచ్ పోతే ఆ ఇంటికి నెల సంపాదన పోయినట్టే. పెరటి చెట్టుకు పురుగుమందు కొట్టకపోవడం ఆ పండు తినే మీ పిల్లలకు మంచిది, పక్కింటివాళ్లకూ మంచిది. అలాగే రైతు తోటలో కొమ్మ అడగడానికి వెళ్లినప్పుడు పండు కోసి నోట్లో వేసుకునే ముందు ఈ మధ్య ఏమన్నా మందు కొట్టారా అని అడగండి.

పిట్టల సంగతి వేరు. పిగిలిపిట్ట, గోరింక, కోకిల, చిలుక అన్నిటికీ మల్బరీ ఇష్టమే. పాత దోమతెరతో పండిన కొమ్మల వరకు కప్పుకుని, పై కొమ్మలు వాటికి వదిలేస్తే పేచీ ఉండదు. సన్నటి ప్లాస్టిక్ వలలు వద్దు, కాళ్లు చిక్కుకుని పిట్టలు చస్తాయి.

బజారుకు పోని పండు

అనంతపురం పండ్ల జిల్లా. చీనీ, దానిమ్మ, అరటి, మామిడి, బొప్పాయి లారీల్లో బెంగళూరు, నాగపూర్, ఢిల్లీ వెళ్తాయి. దక్షిణాదిలో మొదటి కిసాన్ రైలు 2020 సెప్టెంబరు 9న అనంతపురం నుంచే పండ్లతో ఢిల్లీకి బయల్దేరింది. ఇంత పండించే ఊళ్లలో కూడా మేలి కాయ బయటికి పోతుంది, మచ్చల కాయ వీధి బండి మీదికి వస్తుంది.

మల్బరీతో ఆ వ్యాపారం కుదరదు. పండిన పండు వేలు తగిలితే చిట్లుతుంది. బయట ఒక్క పూట, ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు. ఒకే కొమ్మ మీద పచ్చివి, ఎర్రవి, నల్లవి కలిసి ఉంటాయి కాబట్టి ఒకేసారి దులిపి పెట్టెలకెత్తడం కుదరదు. పొద్దున్నే నల్లవి ఏరుకోవడం, మర్నాడు మళ్లీ రావడం. కూలి పెట్టి చేయించే పని కాదిది, ఇంట్లో మనిషి చేసుకునే పని. అందుకే మన సంతల్లో ఇది కనిపించదు, అందుకే దీన్ని పెరట్లోనే పెంచుకోవాలి.

వంద గ్రాముల మల్బరీలో సుమారు 43 కిలో కేలరీలు, 36 మిల్లీగ్రాముల సి విటమిన్, దాదాపు 1.8 మిల్లీగ్రాముల ఇనుము ఉంటాయి. 88 శాతం నీరే. పచ్చికాయ, కొమ్మ విరిస్తే కారే పాలు కడుపును ఇబ్బంది పెడతాయి, పిల్లల్ని వాటికి దూరంగా ఉంచాలి. షుగర్ ఉన్నవాళ్లు తీపి పండని గుర్తుంచుకుని కొలతగా తినాలి.

కాపు ఎక్కువైతే జామ్ చేసుకోవచ్చు. కిలో పండ్లకు 600 గ్రాముల చక్కెర, రెండు నిమ్మకాయల రసం. ఈ పండులో గడ్డకట్టే గుణం తక్కువ, నిమ్మరసమే ఆ పని చేస్తుంది. మందపాటి గిన్నెలో సన్నటి మంట మీద కలుపుతూ, పళ్లెం మీద వేసిన బొట్టు జారకుండా నిలిచే దాకా ఉడికించాలి. అంత ఓపిక లేకపోతే పండ్లు చిదిమి, చిటికెడు ఉప్పు, కాస్త బెల్లం వేసి చల్లటి నీళ్లు కలిపితే ఎండాకాలం మధ్యాహ్నానికి మంచి పానకం. బట్ట మీద పడ్డ మరకకు వెంటనే నిమ్మరసం రుద్దాలి, ఆలస్యమైతే అది చొక్కాతోనే ఉండిపోతుంది.

మగచెట్టు మెరుపు వేగం!

మల్బరీ మగపువ్వు పుప్పొడిని వదిలే వేగం ధ్వని వేగంలో సగానికి పైనే. వంచిన విల్లు వదిలినట్టు కేసరాలు ఒక్కసారిగా విప్పుకుంటాయి. వృక్ష ప్రపంచంలో శాస్త్రవేత్తలు కొలిచిన అతి వేగమైన కదలికల్లో ఇదొకటి. అలా గాల్లోకి చేరిన పుప్పొడితో జనం తుమ్మలేక చస్తున్నారని అమెరికాలోని ఎడారి నగరాలు టూసాన్, లాస్ వేగాస్ పుప్పొడి రాల్చే మల్బరీని కొత్తగా నాటడాన్నే నిషేధించాయి. పెరట్లోకి ఆడచెట్టే ఎందుకు అన్నదానికి ఇది రెండో కారణం.

ఈ నేలకు సరిపడని మొక్క మీద డబ్బు, నీళ్లు, ఆశ పోసేవాళ్లు మన ఊళ్లలో ఏటా పెరుగుతున్నారు. ఆ డబ్బుతో పని లేకుండా దొరికే చెట్టు మన పక్క తాలూకాల్లోనే గట్టున పడి ఉంది. ఈసారి తొలకరి పడ్డాక తెలిసిన పట్టు రైతు దగ్గరికి వెళ్లండి. కాపు మీదున్న చెట్టు చూపించమని అడిగి, నాలుగు కొమ్మముక్కలు తడిగుడ్డలో చుట్టి తెచ్చుకోండి. రెండు మీ పెరట్లో గుచ్చండి, రెండు పక్కింట్లో ఇవ్వండి. వచ్చే ఏడు న్యూజెర్సీ నుంచి ఫోనొస్తే, ఈసారి గిన్నె చూపించే వంతు మీది.